పాత ఇనుము తూకం: కాటా కొనేవాడి చేతిలో ఉన్నప్పుడు

కిరాణా కొట్టులో కందిపప్పు తూయించుకునేటప్పుడు చూపు ఎక్కడ ఉంచాలో అందరికీ తెలుసు. పళ్లెంలో ముందే ఏదైనా పెట్టాడా, ముల్లు నిలిచిందా, కాటా సున్నా నుంచి మొదలైందా అని చూస్తాం. కొట్టువాడి రాయి తేలికైతే నష్టం మనకే కాబట్టి ఆ జాగ్రత్త తరాలుగా అలవాటైంది. అదే మనిషి అటక మీది పాత ఇనుమంతా దించి వీధిలోకి తెచ్చిన రోజు ఆ అలవాటు పనికిరాదు. ఇక్కడ సరుకు మనది, కాటా అవతలివాడిది. రాయి తేలికైతే లాభపడేది మనం, బరువైతేనే మోసం. కిరాణా కాటా ఖాళీగా ఉన్నప్పుడు సున్నాకు పైన చూపితే అనుమానించాలి. పాత సామాన్ల కాటా సున్నాకు కింద, అంటే మైనస్‌లో చూపితే అనుమానించాలి. మన కళ్లు కొనేవాడి కళ్లు. అమ్మేవాడిగా నిలబడ్డప్పుడు అవి తప్పు చోట కాపలా కాస్తాయి.

చట్టం కూడా కొంతవరకు ఇలాగే చూస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం డబ్బిచ్చి వస్తువునో సేవనో పొందినవారినే వినియోగదారులంటుంది. విరిగిన ఇనుప మంచాన్ని అమ్ముకున్న మనిషి ఆ నిర్వచనంలో ఇమడడు. తూకంలో మోసపోయానని వినియోగదారుల కమిషన్ మెట్లెక్కితే అక్కడ తలుపు తెరుచుకోవడం కష్టం. ఆయనకు దారి వేరే చట్టంలో ఉంది. దాని సంగతి తరువాత. ముందు అసలు మోసం ఎక్కడ పుడుతుందో చూడాలి. అది కాటాలో పుట్టదు, బేరంలో పుడుతుంది.

ఎక్కువ రేటు ఎక్కడి నుంచి వస్తుంది

పాత సామాన్ల బండి కనిపించగానే అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ‘కిలో ఎంతకు తీసుకుంటావు?’ రెండు మూడు బండ్లను ఆపి అడిగి, ఎక్కువ చెప్పినవాడిని లోపలికి పిలుస్తారు. ఇరవై ఎనిమిది కాదు ముప్పై అని పావుగంట వాదించిన ఇంటాయన, తూకం మొదలయ్యేసరికి ఫోను మోగిందని లోపలికి వెళ్లిపోతాడు. వ్యాపారికి ఈ సంగతి బాగా తెలుసు. రేటు చెవిన పడే అంకె, పక్క బండివాడు చెప్పినదానితో వెంటనే పోల్చుకోగల అంకె. తూకం అలా పోల్చుకునేది కాదు. ఒకసారి బండెక్కిన ఇనుమును మళ్లీ ఎవరూ తూయరు. అందుకే పోటీ అంతా రేటులో జరుగుతుంది, లాభం తూకంలో తీసుకుంటారు.

లెక్క వేసి చూద్దాం. ఒక ఊళ్లో పాత ఇనుము కొట్టువాడు బండివాళ్ల దగ్గర కిలో 30 రూపాయలకు కొంటున్నాడనుకుందాం. ఆటో ఖర్చు, రోజు కూలి పోవాలంటే బండివాడికి కిలోకు 4 రూపాయలైనా మిగలాలి. అంటే గుమ్మం దగ్గర అతను నిజాయితీగా ఇవ్వగలిగింది 26. అతను 32 ఇస్తానన్నాడంటే మన 100 కిలోలకు 3,200 ఇచ్చి, కొట్టులో 3,000కు అమ్ముకుంటాడన్నమాట. అలాంటి ధర్మదాతలు ఎండలో మైకు పెట్టుకొని వీధులు తిరగరు. ఆ 100 కిలోలు అతని కాటా మీద 80గా కనిపిస్తే మాత్రం లెక్క చక్కగా కుదురుతుంది. మనకు ఇచ్చేది 2,560. కొట్టులో వచ్చేది 3,000. మిగిలేది 440. మనం పోరాడి సాధించిన 32 రూపాయల రేటు మీద, 26 రేటుకు సరైన తూకంతో వచ్చేదానికంటే 40 రూపాయలు తక్కువే చేతికొచ్చింది.

ఇందులో తప్పంతా వ్యాపారిదేనని చెప్పడం సులువు. కానీ సరిగ్గా తూచే బండివాడు 26 అని నిజం చెబితే ఎవరూ గేటు తీయరు. రెండు వీధులు తిరిగాక అతనికి కూడా 32 అనక తప్పదు, ఆ తరువాత కాటాకు నేర్పక తప్పదు. రేటు మాత్రమే అడిగే అలవాటు నిజాయితీపరుడిని ముందు తరిమేస్తుంది. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అని నిట్టూర్చేవాళ్లు ఈ అడవిని పెంచడంలో తమ వాటా ఎంతో కూడా చూసుకోవాలి.

ఈ చిక్కుకు విరుగుడు చాలా మామూలుది: బండిని పిలవడానికి ముందే ఇంట్లో తూచి పెట్టుకోవడం. దానికి వ్యాపారపు కాటా అక్కర్లేదు. మనుషులు బరువు చూసుకునే కాటా చాలు. సంచి పట్టుకొని ఎక్కి ఒకసారి, వట్టి చేతులతో ఒకసారి చూసి, తేడా తీస్తే సంచి బరువు వస్తుంది. ఆ కాటా వందల గ్రాముల్లో తప్పు చూపవచ్చు. ఫరవాలేదు. పట్టుకోవలసింది 40 కిలోల్లో 8 కిలోల మాయాన్ని. అందుకు 300 గ్రాముల పొరపాటు అడ్డు రాదు. తరువాత బండివాడితో సంభాషణను తిప్పి మొదలుపెట్టాలి. రేటు అడగకముందే ‘38 కిలోలుంది, తూచి పెట్టాను, నీ కాటా మీద కూడా చూసుకో, ఎంతకు తీసుకుంటావో చెప్పు’ అనాలి. చాలాసార్లు అప్పటిదాకా వినిపించిన 32 కాస్తా 27కో 26కో దిగుతుంది. దిగినందుకు కోపం తెచ్చుకోనక్కర్లేదు. బేరం ఇప్పుడే మొదలైంది.

గుమ్మం దగ్గరి కొక్కెం కాటా

ఇప్పుడు వీధి బండ్లలో ఎక్కువగా కనిపించేది అరచేతిలో ఇమిడే కొక్కెం కాటా. పైన పిడి, మధ్యలో చిన్న తెర, కింద కొక్కెం. గోనెసంచి మూతిని మెలిపెట్టి కొక్కేనికి తగిలిస్తాడు. ఒక చేత్తో పిడి పట్టి లేపుతాడు. సంచి నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తు కూడా లేవదు. దాని అడుగు అతని పాదం మీదనో, పొట్ట అతని మోకాలికో ఆని ఉంటుంది. తెర అతని వైపు తిరిగి ఉంటుంది. అంకెలు రెండు మూడుసార్లు ఊగుతాయి, అవి నిలవకముందే ‘పదమూడున్నర’ అన్న మాట వినిపిస్తుంది, సంచి బండిలో పడుతుంది. మొత్తం పది సెకన్లు.

ఇందులో కాటాకు ఏ తప్పూ అంటదు. కాటా తన మీద పడ్డ బరువును సరిగ్గానే చూపింది. మిగతా బరువును మోకాలు మోసింది. పళ్లెం కాటా మీద కూడా ఇదే పని ఇంకో రూపంలో జరుగుతుంది. కూలర్ చట్రమో, ఇనుప గేటు ముక్కో పళ్లెం కంటే పొడుగ్గా ఉంటుంది. ఒక కొస గోడకు ఆనుతుంది, లేదా నేలను తాకుతుంది. తాకిన చోట గోడ, నేల కొంత బరువును పంచుకుంటాయి. పొడవైన చువ్వను ఒక కొస నేల మీద, ఒక కొస కాటా మీద ఉంచితే కాటా చూపేది దాదాపు సగమే. అందుకే తూకం జరుగుతున్నంతసేపు తెరకంటే సరుకు అంచులను చూడటం మంచిది. సరుకు గాలిలోనో పళ్లెం మీదనో తప్ప మరెక్కడా ఆనకూడదు. అంకె నిలిచేదాకా ఆగమనాలి. తెరను ఇటు తిప్పమనాలి. అడిగితే తిట్టేదేమీ ఉండదు; మహా అయితే ‘నమ్మకం లేదా అమ్మా’ అంటాడు. నమ్మకం సంగతి తూచాక మాట్లాడుకోవచ్చు.

తీసివేసే కాటా, తగ్గించే కాటా

కాటాయే తప్పు చూపుతుంటే దాన్ని పట్టుకోవడానికి ముందు ఆ తప్పు ఏ జాతిదో తెలియాలి. రెండు జాతులున్నాయి, రెంటికీ పరీక్షలు వేరు.

మొదటిది ప్రతి తూకంలో ఒకే మొత్తాన్ని మింగే తప్పు. ఎలక్ట్రానిక్ కాటాకు ఖాళీ పాత్ర బరువును తీసివేసే మీట ఉంటుంది. ఒక కిలో తట్టను పెట్టి ఆ మీట నొక్కితే తెర సున్నా చూపుతుంది. తరువాత తట్టను పక్కన పెట్టి, సరుకును నేరుగా పళ్లెం మీద వేస్తే ప్రతిసారీ ఒక కిలో తక్కువ కనిపిస్తుంది. తట్ట తీసిన క్షణంలో తెర మీద మైనస్ గుర్తు వస్తుంది. అది మనకు కనిపించే లోపే సరుకు మీద పడుతుంది, అంతే. పాత తక్కెడలో ఇదే పనిని పాసంగం చేసేది: ఒక పళ్లెం కింద అంటించిన చింతపండు ముద్దో, అయస్కాంతమో.

దీన్ని పట్టుకోవడానికి బయటి రాయి ఏదీ అక్కర్లేదు. రెండు సంచులుంటే చాలు. మొదటి సంచి విడిగా తూయండి, 11.2 అనుకుందాం. రెండోది విడిగా, 13.6. కలిపితే 24.8 కావాలి. ఇప్పుడు రెండింటినీ ఒకేసారి కాటా మీద పెట్టించండి. 25.8 వచ్చిందంటే విడివిడిగా తూచినప్పుడు ఒక కిలో అదనంగా పోయిందని అర్థం. కాటా ప్రతి తూకానికీ కిలో మింగుతోంది. అసలు బరువు 26.8. ఈ రకం కాటా మీద సరుకును ఎన్ని వాయిదాల్లో తూస్తే అంత నష్టం. వ్యాపారి పది చిన్న సంచులుగా విడగొట్టి తూద్దామంటే, అతని నడుము నొప్పి గురించి మాత్రమే ఆలోచించకూడదు.

రెండో జాతి తప్పు బరువును బట్టి పెరుగుతుంది. పదికి ఒకటి చొప్పున తగ్గిస్తుంది: 10 కిలోలు 9గా, 50 కిలోలు 45గా. కాటాను సరిచేసే లోపలి అమరికను కదిలిస్తే ఇలా అవుతుంది. రెండు సంచుల పరీక్ష దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే విడిగా తూచినా కలిపి తూచినా మొత్తం ఒకటే. ఖాళీ కాటా కూడా అచ్చంగా సున్నాయే చూపుతుంది. దీనికి బరువు ముందే తెలిసిన వస్తువు కావాలి, అది తేలికది కాకుండా సరుకంత బరువైనదైతే మేలు. ఒక కిలో రాయితో పరీక్షిస్తే వంద గ్రాముల తేడాయే కనిపిస్తుంది, దాన్ని ‘కాటా అంతేలెండి’ అని కొట్టేయవచ్చు.

బరువు తెలిసిన వస్తువులు ఇంట్లోనే ఉన్నాయి. సీలు విప్పని గ్యాస్ సిలిండర్ చక్కని తూనిక రాయి: ఖాళీ బండ బరువు దాని మెడ దగ్గర అచ్చువేసి ఉంటుంది, దానికి 14.2 కలిపితే మొత్తం బరువు. ముట్టని బియ్యం బస్తా మరొకటి. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ పడ్డాక మన మిల్లులు 26 కిలోల బస్తాలు కట్టడం మొదలుపెట్టాయి. పన్ను తప్పించుకోవడానికి పుట్టిన ఆ అదనపు కిలో సంగతి మరిచిపోయి 25 అనుకుంటే మన పరీక్షే తప్పవుతుంది. 20 లీటర్ల నీళ్ల క్యాను కూడా పనికొస్తుంది. నీళ్లు లీటరుకు కిలో, పైన డబ్బా బరువు కిలో లోపే.

ఇల్లు కట్టినవారికి ఇంకో ఆధారముంది. మిగిలిన ఊచల ముక్కలు అమ్మేటప్పుడు కాటా లేకుండానే బరువు కట్టవచ్చు. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. మేస్త్రీలకు ఇది నోటి లెక్క. 8 మి.మీ. ఊచ మీటరు 0.395 కిలో, 12 మి.మీ. ఊచ 0.89 కిలో, 16 మి.మీ. ఊచ 1.58 కిలో. అంటే 12 మి.మీ. ముక్కలన్నీ కలిపి 60 మీటర్లుంటే 53 కిలోలకు అటూ ఇటూ ఉండాలి. తయారీలో తేడా, తుప్పు కలిపి రెండు మూడు కిలోలు తగ్గితే సరేననవచ్చు. కాటా 42 చూపితే ఆ కాటాతో పని లేదు.

పాత తక్కెడ ఇప్పుడు అరుదే. కనిపిస్తే ఒక్క పని చేయించాలి: రాళ్లను సరుకు పళ్లెంలోకి, సరుకును రాళ్ల పళ్లెంలోకి మార్చమనాలి. దండె రెండు వైపులా సమానమైతే మార్చినా ముల్లు మధ్యలోనే ఉంటుంది. ఇనుప రాళ్ల అడుగున ఒక గుంటలో సీసం పోసి, దాని మీద ప్రభుత్వ ముద్ర కొడతారు. పాత ఇనుము కొట్టులో ముద్ర లేని రాయి కనిపిస్తే, అది తేలికదేమోనని కాక బరువైనదేమోనని చూడాలి.

ముద్ర ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

వ్యాపారంలో వాడే కాటాను తూనికలు కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేయాలి. 2009లో వచ్చిన తూనికలు కొలతల చట్టం, 2011 నాటి నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ కాటాలకు ఏడాదికోసారి, తక్కెడకు, రాళ్లకు రెండేళ్లకోసారి ఈ పరీక్ష జరగాలి. ముద్రలో సంవత్సరపు అంకెలు, త్రైమాసికాన్ని తెలిపే ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి ఉంటాయి. కాటా లోపలి అమరికను ఎవరూ కదపకుండా సన్నని తీగకు సీసపు బిళ్ల వేసి బిగిస్తారు. తీగ తెగి ఉన్నా, బిళ్ల లేకపోయినా ముద్రలోని ఏడాదికి అర్థం లేదు. పరీక్ష జరిగినట్టు ఇచ్చిన పత్రాన్ని కొట్టులో అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇక కొక్కెం కాటాల మీద ముద్ర కోసం వెతికితే చాలావాటి మీద కనిపించదు.

కాటా మీద అతికించిన చిన్న రేకును చదవడం ముద్రను చూడటంకంటే ముఖ్యమని చెప్పవచ్చు. దాని మీద గరిష్ఠ బరువు, కనిష్ఠ బరువు, ‘e’ అనే ఇంగ్లీషు అక్షరం పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ అంకె కాటా లెక్కలోకి తీసుకునే అతి చిన్న మెట్టు. వ్యాపారంలో వాడే మామూలు కాటాలు కచ్చితత్వం లెక్కలో మూడో తరగతివి. వాటి కనిష్ఠ బరువు ఆ మెట్టుకు 20 రెట్లు. అంటే 100 గ్రాముల మెట్టున్న పెద్ద కాటా మీద 2 కిలోల లోపు సరుకును తూయకూడదు. ఇనుముకు ఇది పెద్ద విషయం కాదు. రాగికి చాలా పెద్ద విషయం. రాగి ధర పాత ఇనుము ధరకు ఇరవై రెట్లు మించే ఉంటుంది. పాత మోటారు విప్పి తీసిన కిలోన్నర రాగి తీగను, ఇనుము తూచిన కాటా మీదే పడేసి ‘కిలోంపావు’ అంటే, ఆ పావు కిలోతో అయిదు కిలోల ఇనుము విలువ పోయింది. రాగి, ఇత్తడి, కంచు చిన్న కాటా మీద విడిగా తూగాలి.

అనుమతించిన తప్పుకూ ఒక హద్దుంది. 50 గ్రాముల మెట్టున్న కాటా మీద 40 కిలోల సరుకు పెడితే, కొత్తగా ముద్ర వేసేనాటికి తప్పు 50 గ్రాములు దాటకూడదు. వాడకంలో దానికి రెట్టింపు, 100 గ్రాముల వరకు ఒప్పుకుంటారు. ‘ఎలక్ట్రానిక్ కదా, అరకిలో అటూ ఇటూ అవుతుంది’ అన్న మాటకు చట్టంలో చోటు లేదు.

అయితే ముద్ర ఉన్నంతమాత్రాన తూకం నిజమైపోదు. ముద్ర కాటాకు వేసింది, కాటా పట్టుకున్న చేతికి కాదు. సంచిని ఆన్చుకున్న మోకాలికీ, తట్ట బరువు తీసివేసే మీటకూ అది అడ్డురాదు. ఎలక్ట్రానిక్ యంత్రాల్లో లోపలి దొంగతనం ఎంతదాకా పోగలదో, పెట్రోలు బంకుల్లో తక్కువ పోసేలా అమర్చిన చిప్‌లు బయటపడిన కథలు చెబుతాయి; వాటిని తెలుగు రాష్ట్రాలు కూడా విన్నాయి. తుక్కు కాటాను తనిఖీ చేయడానికి పెట్రోలు బంకుకు వచ్చినంత తరచుగా ఎవరూ రారు.

తరుగు అనే సంప్రదాయం

కాటా నిజమే చూపాక కూడా ఒక కోత మిగిలి ఉంటుంది. ధాన్యం అమ్మే రైతుకు పరిచయమున్న మాటే ఇది: తరుగు. తుప్పు పట్టిందని, మట్టి అంటుకుందని, సిమెంటు ఊడలేదని వందకు మూడో అయిదో తీసేస్తారు. ఊచలకు గట్టిపడిన కాంక్రీటు అంటుకొని ఉంటే కొట్టువాడు ఆ కాంక్రీటుకు ఇనుము ధర ఇవ్వడు, ఇవ్వనక్కర్లేదు. తప్పు అక్కడ లేదు. తూకం అయిపోయి డబ్బు లెక్కపెట్టేటప్పుడు ‘మా దగ్గర తరుగు మామూలే’ అంటూ, శుభ్రమైన ఇనుముకు కూడా కోసేయడంలో ఉంది.

ఈ ‘మామూలు’ గురించి 2009 చట్టంలో ఒక సెక్షన్ ప్రత్యేకంగా మాట్లాడుతుంది. ఒప్పుకున్న పరిమాణంకంటే ఎక్కువ తీసుకోవడానికో తక్కువ ఇవ్వడానికో వీలిచ్చే ఎలాంటి ఆచారమైనా, వాడుకైనా చెల్లదని పన్నెండో సెక్షన్ చెబుతుంది. తరుగు పెట్టాలంటే అది తూకానికి ముందే, సరుకు చూసి, ఇద్దరూ ఒప్పుకున్న బేరంలో భాగమై ఉండాలి. ముప్పయ్యో సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. అమ్ముతూ తక్కువ తూచినవాడితో పాటు, కొంటూ మోసంతో ఎక్కువ సరుకు తీసుకున్నవాడూ నేరస్థుడేనని అంటుంది. పాత సామాన్లు అమ్మేవాడికి తలుపు తెరిచి ఉంచింది ఈ చట్టమే. ఫిర్యాదు వెళ్లవలసింది జిల్లాలోని తూనికలు కొలతల శాఖ అధికారికి. వెళ్లేటప్పుడు చేతిలో ఉండవలసినవి కొట్టు చిరునామా, తేదీ, తూకం అంకె కనిపించే ఫొటో, కాటా రేకు ఫొటో, రాసిచ్చిన చీటీ ఉంటే అది. వీధి బండికి చిరునామా ఉండదు. బండి నంబరు తప్ప మరో ఆధారం దొరకదు. అందుకే పెద్ద సరుకును బండికి కాకుండా కొట్టుకు చేర్చడం ఒకటి రెండు వందల ఆటో ఖర్చు అయినా దండగ కాదు.

లారీ తూకం

పాత ఇంటిని పడగొట్టినప్పుడో, మిల్లు మూసినప్పుడో సరుకు టన్నుల్లో ఉంటుంది. అప్పుడు తూకం ధర్మకాంటా మీద: ఖాళీ లారీని ఒకసారి, నిండు లారీని ఒకసారి తూచి తేడా తీస్తారు. పేరులో ధర్మం ఉన్నా, అమ్మేవాడు ఎప్పుడూ నిండు లారీ తూకం దగ్గరే కళ్లు పెట్టుకొని నిలబడతాడు. కొనేవాడి తెలివి ఖాళీ తూకం దగ్గర పనిచేస్తుంది. ఖాళీ లారీ ఎంత బరువుగా తూగితే అతనికి అంత లాభం. క్యాబిన్‌లో నలుగురు కూలీలు కూర్చొని వస్తారు. వెనక నీళ్ల డ్రమ్ము, జాకీలు, గొలుసులు, తడిసిన టార్పాలిన్ ఉంటాయి. నిండు తూకం నాటికి ఇవన్నీ దిగిపోతాయి. నలుగురు మనుషులు, 200 లీటర్ల నీళ్లు కలిస్తే 450 కిలోలు. కిలో ముప్పై చొప్పున పదమూడు వేలకు పైనే. డీజిలుదీ అదే దారి: 200 లీటర్ల డీజిలు 160 కిలోలు దాటుతుంది.

కాబట్టి ఖాళీ తూకానికి మనిషి వెంట ఉండాలి, క్యాబిన్ ఖాళీ చేయించాలి, రెండు తూకాలూ ఒకే కాంటా మీద, వీలైతే కొనేవాడు చూపించినది కాక మరో కాంటా మీద జరగాలి. చీటీలో లారీ నంబరు, రెండు తూకాల సమయాలు ఉండాలి. చక్రాలన్నీ కాంటా మీద ఉన్నాయో లేదో దిగి చూడాలి. 10 కిలోల మెట్టున్న కాంటా మీద 200 కిలోల లోపు సరుకును తేల్చలేరు. అర టన్ను సరుకుకు పళ్లెం కాటాయే నయం.

నాలుగు కిలోల మనిషి

ఇంతదాకా చెప్పిన జాగ్రత్తలు ఏడాదికి ఒకసారి అటక దులిపే ఇంటివాడికో, ఇల్లు పడగొట్టిన యజమానికో సరిపోతాయి. కానీ ఈ వ్యాపారంలో ప్రతిరోజూ అమ్మేది వేరే మనుషులు. హైదరాబాద్ భోలక్‌పూర్ వంటి చోట్లకు చేరే తుక్కులో చాలా భాగం చెత్తకుప్పల్లో ఏరుకునేవారి సంచుల్లోంచి మొదలవుతుంది. పొద్దున నాలుగింటికి లేచి, మధ్యాహ్నానికి నాలుగు కిలోల ఇనుము, కొంత ప్లాస్టిక్, రెండు మూడు సత్తు గిన్నెల ముక్కలు పోగు చేసిన ఆడమనిషి వాటిని దగ్గరి కొట్టులో అమ్ముతుంది.

ప్రతి తూకంలో 200 గ్రాములు మింగే కాటాను మళ్లీ తలుచుకోవాలి. ఒకసారికి 50 కిలోలు అమ్మిన ఇంటివాడికి అది వందకు 40 పైసల నష్టం, గమనించనవసరం లేనంత. నాలుగు కిలోలు తూచిన ఆమెకు వందకు అయిదు రూపాయలు. ఇనుము, ప్లాస్టిక్, సత్తు విడివిడిగా తూస్తారు కాబట్టి ఆ కోత రోజుకు మూడుసార్లు పడుతుంది. సత్తు అరకిలోనే ఉంటే, దానిలో 200 గ్రాములు పోవడం అంటే వందకు నలభై. కాటా ఒకటే, తప్పు ఒకటే; సంచి ఎంత చిన్నదైతే కోత అంత లోతుగా దిగుతుంది. నాలుగు కిలోల ఎనిమిది వందల గ్రాములను ‘నాలుగున్నర’ అని కిందికి దించేయడం కూడా ఇదే పని చేస్తుంది.

ఆమెకు చెప్పదగిన సలహా కాగితం మీద ఒకటే: రోజూ అమ్మకు, వారం సరుకు కూడబెట్టి ఒకేసారి తూయించు. అప్పుడు ఏడు కోతల చోట ఒక్కటే పడుతుంది. కానీ వారం సరుకు దాచడానికి చోటు కావాలి. ఆమె ఉండేది పది అడుగుల గదిలో, ఆ వాసనకు ఇంటి ఓనరు ఒప్పుకోడు. సాయంత్రం బియ్యానికి డబ్బు కావాలి, అది రేపటిదాకా ఆగదు. పైగా కిందటి నెల అనారోగ్యానికి కొట్టువాడే రెండు వేలు అప్పిచ్చాడు, కాబట్టి సరుకు అతనికే వేయాలి. కాటా తెరను ఇటు తిప్పమని ఆమె అడగదు. తిప్పినా, అతను చెప్పిన అంకెకే తల ఊపి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంటుంది.